ఎడమ సీటులో యజమాని

నిరుడు ఎండలు ముదురుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేటలో, మోటారు విడిభాగాల దుకాణాల పైన నాకో చిన్న ఆఫీసు ఉంది. నా పని మార్కెట్ స్టడీ. ఎవరైనా ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త వస్తువు చేయాలనుకుంటే, అది అమ్ముడుపోతుందా, ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు అని నలుగురినీ అడిగి, కళ్ళారా చూసి, చివరికి "చెయ్యండి" అనో "వద్దు" అనో రాసిచ్చే పని. మంచినీళ్ళ ఫిల్టర్ల దగ్గర నుంచి పిండి గిర్నీల దాకా చాలా చూశాను. నాకు నోరు కాస్త ఎక్కువని అందరూ అంటారు. ఆ నోరు పడిపోయిన కేసు మాత్రం ఇదొక్కటే.

ఒకరోజు పొద్దున యాదగిరి గారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ట్రాక్టర్ ట్రాలీలు, నీళ్ళ ట్యాంకర్లు చేసే ఫ్యాక్టరీ ఆయనది. వెల్డింగ్ పనితో మొదలుపెట్టి ఊరి బయట సొంత షెడ్డు కట్టుకున్న మనిషి. తెల్ల చొక్కా మీద మడత కూడా నలగనివ్వరు. కూతురు హారిక మెకానికల్ ఇంజనీరు. చేతులకు గ్రీజు మరకలు, మొహంలో ఉత్సాహం.

"మేడం, ఇగ ట్రాలీలు చాలు. బండి చేస్తం," అన్నారాయన కూర్చుంటూనే.

"ఏం బండి సార్?"

"సైడ్-బై-సైడ్. నా బిడ్డ చేసింది. జూస్తే మీరు పరేషాన్ అయితరు."

ఆ పేరు వినని వాళ్ళ కోసం చెబుతాను. ఇద్దరు పక్కపక్కన కూర్చుని గుట్టలూ బురదా ఇసుకా దాటుకుంటూ పోయే నాలుగు చక్రాల బండి ఇది. అద్దాలుండవు, పైకప్పు ఉండదు. చుట్టూ ఇనుప గొట్టాల పంజరం ఉంటుంది. దాన్ని రోల్ కేజ్ అంటారు. బండి పల్టీ కొట్టినా లోపలి మనుషులు నలిగిపోకుండా కాపాడేది అదే. ఇందులో పొలం పనులకు వాడే రకం ఒకటుంది. హారిక చేసింది అది కాదు, స్పోర్ట్ రకం. ఎరువు బస్తాలు మోయడానికి పనికిరాదు. కేవలం నడిపే సరదా కోసమే పుట్టిన బండి. రోడ్డు మీద తిప్పడానికి నంబరు కూడా రాదు. ట్రాలీ మీద ఎక్కించుకుని పోయి సొంత జాగాలోనో, ట్రాక్ మీదో నడుపుకోవాలి.

యాదగిరి గారి ఆలోచన చిన్నది కాదు. ట్రాలీల పని మొత్తం ఆపేసి, ఫ్యాక్టరీ జాగాని బ్యాంకులో తాకట్టు పెట్టి, ఈ బండ్ల కోసం కొత్త ప్లాంటు కట్టాలని. కాగితాలన్నీ తయారుగా ఉన్నాయి. నా రిపోర్టు చూసి సంతకం పెడతానన్నారు.

"అంటే నా మాట మీద మీ ఫ్యాక్టరీ ఉంటుందా?" అని అడిగాను.

"మీరు మొహమాటానికి రాయరని అందరు జెప్తరు. గందుకే వచ్చినం," అన్నారు.

వాళ్ళ కారులో షెడ్డుకి వెళ్ళాం. డ్రైవర్ ఇస్మాయిల్. యాదగిరి గారి దగ్గర ఎన్నో ఏళ్ళుగా ఉన్నాడు, గడ్డం నెరిసింది. యాదగిరి గారు ముందు సీట్లో, అతని పక్కన కూర్చున్నారు. దారి పొడుగునా ఒకటే ఆర్డర్లు. "గేర్ దించు. ఆ లారీని దాటుకొని పో. ఎడమకు దియ్. జెర బ్రేక్ మీద కాలు బెట్టు." ఇస్మాయిల్ "జీ సాబ్" అంటూ నడుపుకుంటూ పోతున్నాడు. నాకైతే తల వాచిపోయింది. వెనక సీట్లో హారిక నవ్వి, "డాడీ అంతే మేడం. ఆయన స్టీరింగ్ పట్టరు గానీ బండి మొత్తం ఆయనే నడుపుతరు," అంది.

షెడ్డులో హారిక చేసిన బండ్లు రెండున్నాయి. ఒకదాంట్లో నన్ను ఎక్కించింది. నాలుగు వైపుల నుంచి వచ్చే బెల్టును హార్నెస్ అంటారట, దాంతో నన్ను సీటుకు కట్టేసింది. పక్కన వలలాంటిది లాగి కొక్కేనికి తగిలించింది. దాని పేరు సైడ్ నెట్. "బండి వంగితే మనిషికి తెల్వకుండనే చెయ్యి బయటికి పోతది మేడం. ఆటోల కూసున్న అలవాటు గద మనకు, పైనున్న రాడ్ బయట నుంచి పట్టుకుంటం. పల్టీ కొడితే ఆ చెయ్యి పోతది. గందుకే ఈ నెట్," అని వివరంగా చెప్పింది. ఇక వదిలింది చూడండి బండిని! గుట్ట ఎక్కి అవతలకి గాలిలో దూకినప్పుడు నేను అరిచిన అరుపుకి షెడ్డులో వెల్డర్లందరూ బయటికొచ్చారు. దిగాక నవ్వు ఆగలేదు. అబ్బ, ఇన్నాళ్ళూ ఇలాంటిది ఎవరూ ఎందుకు చేయలేదా అనిపించింది. అంత బాగా చేసింది ఆ పిల్ల.

తరువాత నా పని మొదలుపెట్టాను. ఫామ్‌హౌస్‌లున్న వాళ్ళను, రిసార్టుల వాళ్ళను, బిల్డర్లను కలిశాను. వీడియో చూపిస్తే చాలు, కుర్చీల్లోంచి లేచి వచ్చేవాళ్ళు. "ఎప్పుడిస్తరు?", "ఎర్ర రంగు ఉందా?", "మా దోస్తులకు సుత చెప్తా" ఇవే మాటలు. తిరుమలగిరిలో రిటైరైన మిలిటరీ ఆఫీసర్లు కొందరు మాత్రం వీడియో మధ్యలో ఆపి, సస్పెన్షన్ గురించి, టైర్ల గురించి గుచ్చిగుచ్చి అడిగారు. వాళ్ళు కొంటామని చెప్పలేదు గానీ ఎప్పుడు నడపనిస్తారని అడిగారు. ఆ తేడా నాకప్పుడు పెద్దగా పట్టలేదు. రిపోర్టులో "చెయ్యండి" అనే రాసుకున్నాను. ఒక్క ప్రాడక్ట్ క్లినిక్ మిగిలింది. పేరు చూసి ఆసుపత్రి అనుకోకండి. కొనేలా ఉన్న వాళ్ళందరినీ ఒకచోటికి పిలిచి, వస్తువును చేతికిచ్చి, వాళ్ళేం చేస్తారో దూరం నుంచి చూడటమే క్లినిక్.

షామీర్‌పేట దాటాక ఒక ఖాళీ జాగాలో పెట్టాం. ఎత్తుపల్లాలు, ఒక మట్టిగుట్ట ఉన్నాయి. పొద్దున్నే బండికి పూజ చేశారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, రోల్ కేజ్ మీద బంతిపూల దండ. అంతవరకు బాగానే ఉంది.

మొదట వచ్చింది నర్సింగ్‌రావు గారని ఒక బిల్డరు. నా దగ్గర అందరికంటే ఎక్కువ సంబరపడ్డ మనిషి. కారు దిగి, బండి చుట్టూ తిరిగి, రంగు మీద చెయ్యి వేసి మురిసిపోయి, నేరుగా వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నారు. మన బండ్లకు స్టీరింగ్ కుడి వైపు కదా. పొరపాటున కూర్చున్నారేమో అనుకున్నాను.

"సార్, స్టీరింగ్ ఇటుంది," అన్నాను.

"తెల్సు మేడం. డ్రైవర్ వస్తుండు గద," అన్నారు.

ఆయన డ్రైవరు పరుగున వచ్చి కుడి సీట్లో కూర్చున్నాడు. నేను నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాను. బండి రెండు గుట్టలు ఎక్కి దిగి వచ్చింది. డ్రైవర్ మొహం వెలిగిపోతోంది. నర్సింగ్‌రావు గారు మాత్రం నడుం పట్టుకుని దిగారు.

"మస్తు కుదిపింది మేడం. గీ బండిల నేనేం చెయ్యాలె, ఊగుడేనా?" అన్నారు. తరువాత ఆలోచించి, "రెండే సీట్లు బెడితిరి. డ్రైవర్ ఒకటి, నేనొకటి. మరి మా ఇంటామె ఏడ కూసుంటది?" అని అడిగారు.

ఆయనొక్కరే కాదు. తరువాత వచ్చిన వాళ్ళూ అంతే. ఒకరి తరువాత ఒకరు ఎడమ సీటు వైపే నడిచారు. నా తల తిరిగిపోయింది. ఏం మనుషులండీ బాబూ! నడిపే సరదా కోసమే చేసిన బండి కొంటామని ఎగిరెగిరి చెప్పిన వాళ్ళకి, దాన్ని తామే నడపాలన్న ఊహే లేదు. స్టీరింగ్ పట్టడమంటే వాళ్ళకు జీతగాడి పని. వేరే ఏ దేశంలోనూ ఈ బండి మీద స్టడీ చేసేవాళ్ళు "ఎవరు నడుపుతారు" అని అడగరు. అడగాల్సిన అవసరమే ఉండదు. మన దగ్గర మాత్రం అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. సరదా అంతా కుడి సీట్లో ఉంటే, కొనేవాళ్ళంతా ఎడమ సీట్లో ఉన్నారు. నేను హారిక వైపు చూశాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

వచ్చినవాళ్ళు నీరసంగా షామియానా కింద మజ్జిగ తాగుతుంటే యాదగిరి గారికి ఉండబట్టలేదు. "వీళ్ళ డ్రైవర్లకు తోలొస్తలేదు. నేను జూపిస్త," అని లేచారు.

"డాడీ, నేను నడుపుత. మీరు పక్కన కూసోండి," అంది హారిక.

"వద్దు బిడ్డా. ఇంతమంది ముంగట ఓనర్ బిడ్డ డ్రైవర్ లెక్క తోలుతదా? ఇస్మాయిల్, రా."

ఇస్మాయిల్‌కు ఆ బండి కొత్త కాదు. షెడ్డులో హారిక నేర్పించింది, చాలాసార్లు నడిపాడు. యాదగిరి గారు ఎడమ సీట్లో కూర్చున్నారు. చొక్కా నలుగుతుందని భుజాల మీది బెల్టులు వదులు చేయించారు. నడుం బెల్టు హారిక తనే లాగి బిగించింది. నెట్ తగిలించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"తీసెయ్ దాన్ని. గంప కింద కోడిని బెట్టినట్టుంటది. ఫోటోల మొహం సుత కనబడదు."

"డాడీ, నెట్ లేకుంటే నేను పోనియ్య."

"జెర సేపే గద! నువ్వు ఊకె పరేషాన్ కాకు," అని ఆయనే విప్పేశారు.

బండి కదిలింది. అందరూ లేచి నిలబడ్డారు. ఎడమ చేత్తో పైనున్న గొట్టాన్ని బయట నుంచి పట్టుకుని, కుడి చెయ్యి అందరికీ ఊపుతూ పోతున్నారు యాదగిరి గారు. బండి మట్టిగుట్టకు అడ్డంగా పోతోంది. ఆయన కూర్చున్న వైపు పల్లం. కాస్త వంగినట్టయింది. అలా వంగినప్పుడు స్టీరింగ్ పల్లం వైపు తిప్పితే బండి సర్దుకుంటుంది, పైకి తిప్పితే బోల్తా పడుతుంది. హారిక నాకు మొదటి రోజే చెప్పింది, ఇస్మాయిల్‌కు అంతకు ముందే నేర్పింది. ఇస్మాయిల్ పల్లం వైపే తిప్పబోయాడు కూడా. అంతలో యాదగిరి గారి గొంతు మా అందరికీ వినబడింది.

"అటెందుకు? కుడికి! పైకి గొట్టు, కుడికి తిప్పు!"

ఇస్మాయిల్ కుడికి తిప్పాడు.

బండి ఎడమ పక్కకు ఒరిగి, ఒక్క పల్టీ కొట్టి, మళ్ళీ ఆ పక్క మీదే పడి ఆగింది. దుమ్ము లేచింది. హారిక పరుగెడుతోంది, నేనూ పరుగెడుతున్నాను గానీ ఎక్కడ అడుగు వేస్తున్నానో తెలియలేదు. దగ్గరికి వెళ్ళేసరికి ఇద్దరూ బెల్టుల్లోనే బతికి ఉన్నారు. కేజ్ ఎక్కడా వంగలేదు. హమ్మయ్య అనుకునేలోపు ఆయన ఎడమ చెయ్యి చూశాను. గొట్టానికీ నేలకూ మధ్య ఇరుక్కుని ఉంది. బంతిపూలన్నీ ఎర్రగా అయిపోయాయి. ఆయన అరవలేదు. తన చేతిని ఎవరిదో చూసినట్టు చూస్తున్నారు.

నలుగురం కలిసి బండి లేపి, కారులో వేసుకుని సికింద్రాబాద్ తీసుకొచ్చాం. ఇస్మాయిల్ స్టీరింగ్ పట్టనంటే కారు హారిక నడిపింది. ఆసుపత్రిలో చిటికెన వేలు, ఉంగరం వేలు తీసేయాల్సి వచ్చింది. డాక్టర్ గారు వచ్చి ఆ మాట చెప్పినప్పుడు హారిక గోడకు ఆనుకుని అక్కడే కూలబడింది.

నా కోపమంతా ఇస్మాయిల్ మీదికి పోయింది. "నీకు బుద్ధుందా ఇస్మాయిల్ భాయ్? కిందికి తిప్పాలని నీకు తెలుసు కదా! పైకి ఎందుకు తిప్పావు?"

అతను ఏడుస్తూ నా మొహంలోకి చూశాడు. "సాబ్ జెప్పిండు మేడం. అల్లా కసం, నా చేతులు కిందికే పోయినయ్. సాబ్ కుడికి అన్నడు. ఆయన అంటే నా చేతులు అటే పోతయ్. ఇన్నేండ్ల అలవాటు మేడం."

ఇక తిట్టడం ఆపి, అతని పక్కనే బెంచీ మీద కూర్చున్నాను.

రెండు రోజులయ్యాక చూడటానికి వెళ్ళాను. హారిక, ఇస్మాయిల్ గదిలోనే ఉన్నారు. యాదగిరి గారు కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకున్నారు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "రిపోర్ట్ల ఏం రాసిండ్రు మేడం?"

"మీరేం మనిషండీ! వేళ్ళు పోయి మంచం మీద ఉంటే రిపోర్టు కావాలా మీకు?"

"వేళ్ళు ఎట్లన్న పోయినయ్. ఫ్యాక్టరీ సంగతి జెప్పుండి."

దాచి లాభం లేదు. "వద్దు అని రాశాను సార్. ప్లాంటు కట్టకండి. జాగా తాకట్టు పెట్టకండి," అన్నాను.

హారిక గబుక్కున లేచింది. "బండి తప్పేముంది మేడం? పల్టీ కొట్టినా కేజ్ ఇంత సుత వంగలే! నెట్ ఉంటే డాడీకి గీత కూడా పడకపోతుండె!" ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నీ బండిలో ఒక్క తప్పూ లేదమ్మా. ఇద్దరి ప్రాణాలు కాపాడింది. కానీ కొంటామన్న వాళ్ళెవరికీ దాన్ని నడపాలని లేదు. వాళ్ళు పక్కన కూర్చునే మనుషులు. ఈ బండిలో పక్క సీటుకు భయం తప్ప ఏమీ మిగలదు. ఒక్కసారి కూర్చున్నాక రెండోసారి ఎవరూ ఎక్కరు. మీ నాన్నగారి లాగా పక్క సీట్లో కూర్చున్నా డ్రైవింగంతా తెలిసిన వాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పు?"

యాదగిరి గారు కిటికీ వైపు తిరిగారు.

"నాకు డ్రైవింగ్ రాదు మేడం," అన్నారు.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. హారిక ఆయన మంచం దగ్గరికి వచ్చింది. "ఏందీ డాడీ?"

"రాదు బిడ్డా. మొదటి కారు కొన్ననాడు నేర్సుకుందామని ఎక్కిన. మీ మేనమామ ఇంటి గేటుకు గుద్దిన. ఇంటోళ్ళు, వాడోళ్ళు అందరు నవ్విండ్రు. మళ్ళ పట్టలే. ఇస్మాయిల్‌ను పెట్టుకున్న. మరి ఊకె కూసుంటే నాకు రాదని తెలుస్తది గద, గందుకే ఆర్డర్లు ఏస్తుండె. గేర్ దించు, బ్రేక్ గొట్టు అని. లారీలల్ల పక్కన కూసున్నప్పుడు ఇన్న మాటలు అవి. ఏది ఎందుకు జేస్తరో నాకు తెల్వదు."

బండ్ల ఫ్యాక్టరీ పెట్టడానికి ఉన్న జాగాని తాకట్టు పెట్టబోతున్న మనిషికి బండి నడపడమే రాదు! పుట్టినప్పటి నుంచి చూస్తున్న కూతురికే తెలియదు! హారిక ఇస్మాయిల్ వైపు తిరిగింది.

"నీకు ఎర్కేనా చాచా?"

ఇస్మాయిల్ తల దించుకున్నాడు. "ఎర్కే అమ్మా. సరైన మాట ఇంటుండె, కాని మాటకు జీ సాబ్ అని నాకు తెల్సింది జేస్తుండె. ఆ రోజు అంతమంది ముంగట సాబ్ ఇజ్జత్ పోతదనుకున్న. ఇంకేం ఆలోచించే లోపట చేతులు తిప్పేసినయ్."

హారిక చాలాసేపు ఏడ్చింది. తండ్రి మీద కోపమో, జాలో ఆ పిల్లకే తెలిసి ఉండదు. యాదగిరి గారు మంచి చెయ్యి ఆమె తల మీద పెట్టి, "ఆ నర్సింగ్‌రావుకు సుత రాదు బిడ్డా. రాదని చెప్పడు. నాకు తెల్సు," అన్నారు.

ఆ మాట విని నేను నా రిపోర్టు మళ్ళీ తెరిచాను. క్లినిక్ రోజున ఆ బండి దిగి నవ్విన మొహాలు గుర్తు చేసుకున్నాను. నవ్వింది డ్రైవర్లు. "మేడం, ఇంకో రౌండ్ ఏసుకోవచ్చా?" అని నా చెవిలో అడిగింది కూడా వాళ్ళే. వాళ్ళు ఆ బండి కొనలేరు, కానీ ఒక పూట కిరాయికి నడుపుకోగలరు. తిరుమలగిరి ఆఫీసర్లు అడిగిందీ అదే. అందుకని "వద్దు" కింద ఇంకో పేరా రాశాను. ట్రాలీల పని ఆపకండి. అమ్మడానికి బండ్లు చేయకండి. ఉన్న రెండు బండ్లతో ఆ షామీర్‌పేట జాగాలోనే ట్రాక్ పెట్టి, నడపాలనుకున్న వాళ్ళకు నేర్పించి, వంతుల మీద నడపనివ్వండి. నడపడంలోని రుచి తెలిసిన వాళ్ళు తయారైతే అప్పుడు ప్లాంటు సంగతి ఆలోచిద్దాం. యాదగిరి గారు బ్యాంకు కాగితాలు సంతకం పెట్టకుండానే వెనక్కి పంపారు. ఫ్యాక్టరీ నిలబడింది.

చలికాలంలో ఒక ఆదివారం హారిక ఫోన్ చేసి ట్రాక్ దగ్గరికి రమ్మంది. వెళ్ళి చూస్తే క్యాబ్ డ్రైవర్లు, ఆటో వాళ్ళు, లారీ వాళ్ళు. వారమంతా ఎవరినో ఒకరిని ఎక్కించుకుని తిరిగేవాళ్ళు, ఆ రోజు పక్క సీట్లో తమ ఇంటివాళ్ళను కూర్చోబెట్టుకుని నడుపుతున్నారు. ఆడవాళ్ళ కేకలు, నవ్వులు. ప్రతి ఒక్కరికీ నెట్ తగిలించి, లాగి చూశాకే హారిక పంపుతోంది. మార్కెట్ స్టడీలో ఇన్నేళ్ళు పని చేసి, కొనేవాడు వేరు, అనుభవించేవాడు వేరు అయ్యే వస్తువులు ఉంటాయని నాకు అక్కడే బాగా తెలిసింది. ఇప్పుడు ఏ వస్తువు గురించి అడగడానికి వెళ్ళినా, "కొంటారా" కంటే ముందు "మీ ఇంట్లో దీన్ని వాడేది ఎవరు" అని అడుగుతున్నాను. వాళ్ళు జవాబు చెప్పేముందు ఎటు చూస్తారో కూడా చూస్తున్నాను.

అందరి వంతులూ అయ్యాక రెండో బండి దగ్గర యాదగిరి గారు కనబడ్డారు. కుడి సీట్లో ఉన్నారాయన. మూడు వేళ్ళ చెయ్యి, ఐదు వేళ్ళ చెయ్యి, రెండూ స్టీరింగ్ మీద ఉన్నాయి. చొక్కా మీద బెల్టులు బిగుసుకుని మడతలు పడ్డాయి. ఎడమ సీట్లో ఇస్మాయిల్, తన వైపు నెట్ తగిలించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంజన్ మోగుతోంది గానీ బండి కదలడం లేదు. ఆయన నుదుటి మీద చెమట. మెల్లగా ఇస్మాయిల్ వైపు తిరిగి అడిగారు. "ఏం ఇస్మాయిల్, ఎటు తిప్పాల్నో జెప్పవా?"

"నేను జెప్ప సాబ్. మీకు ఎటు అనిపిస్తే అటు పోనీయుండి. నేను పక్కన్నే ఉంట."